13 మంది కంపెనీ, 13 ఏళ్ల తర్వాత తీర్పు

2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ ఇన్‌స్టాగ్రామ్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. అప్పటికి ఇన్‌స్టాగ్రామ్‌లో పనిచేసేది 13 మందే. ఆదాయం ఏమీ లేదు. ధర మాత్రం 100 కోట్ల డాలర్లు. అంత డబ్బు దేనికన్నది ఇప్పుడు అర్థమవుతుంది. పోటీ పడటం కన్నా కొనేయడమే మేలని జుకర్‌బర్గ్ 2008లోనే ఒక ఈమెయిల్‌లో రాసుకున్నారు.

మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ కొనుగోలును పరిశీలించింది. ఆగస్టులో ఐదుగురు కమిషనర్లూ ఒక్కమాటగా ఫైలు మూసేశారు. 2014లో 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్ కూడా అదే గూటికి చేరింది. ఈ రెండు కొనుగోళ్లూ చట్టవిరుద్ధమని, కంపెనీలను విడదీయాలని అదే కమిషన్ 2020 డిసెంబర్‌లో కోర్టుకెక్కింది. 2025 నవంబర్‌లో జడ్జి జేమ్స్ బోస్‌బర్గ్ ఆ కేసు కొట్టేశారు. ఒకప్పుడు గుత్తాధిపత్యం ఉందా లేదా అన్నది కాదు, ఇప్పుడు ఉందని చూపించాలన్నారు. ఈలోగా పోటీకి టిక్‌టాక్ వచ్చేసింది.

నన్ను బాధపెట్టేది ఈ ఆలస్యమే. అది చట్టం లేక జరిగింది కాదు. గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే 1890 నాటి షెర్మన్ చట్టంతోనే 1911లో చమురు కంపెనీ స్టాండర్డ్ ఆయిల్‌ను 34 కంపెనీలుగా విడగొట్టారు. 1914లో వచ్చిన క్లేటన్ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. పోటీ దెబ్బతినే అవకాశం గట్టిగా ఉంటే చాలు, విలీనాన్ని ఆపొచ్చంది. పెద్ద విలీనాల గురించి ముందుగా ప్రభుత్వానికి చెప్పి, గడువు ముగిసేదాకా ఆగాలన్న నియమం మాత్రం 1976లో గానీ రాలేదు. అప్పటిదాకా, పాలల్లో నీళ్లు కలిశాక విడదీయమని కోర్టుకు వెళ్లడమే ఎక్కువ.

గట్టిగా పట్టుకుంటే ఏం జరుగుతుందో ఏటీ అండ్ టీ కథ చెబుతుంది. ఒకప్పుడు అమెరికాలో ఫోన్ లైనే కాదు, ఇంట్లో ఉండే ఫోన్ కూడా ఆ కంపెనీదే. వాడేవాళ్లు అద్దె కట్టాలి. పక్కవాళ్లకు మాటలు వినపడకుండా రిసీవర్‌కు తగిలించుకునే హష్-ఎ-ఫోన్ అనే చిన్న మూతలాంటి పరికరాన్ని ఎవరో అమ్మితే, దాన్ని కూడా ఒప్పుకోలేదు. ఆ మూత కోసం 1956లో అప్పీలు కోర్టు తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. 1968లో వేరేవాళ్ల పరికరాలకు దారి తెరుచుకుంది. మోడెమ్‌లు ఇళ్లలోకి వచ్చింది ఆ దారినే. 1974లో ప్రభుత్వం వేసిన కేసుతో చివరికి 1984 జనవరి 1న లోకల్ ఫోన్ సర్వీసులు ఏడు ప్రాంతీయ కంపెనీలుగా విడిపోయాయి.

అప్పటికే గాలి మారింది. 1970ల చివర్లో న్యాయ పండితుడు రాబర్ట్ బోర్క్ లాంటివాళ్ల వాదన బలపడింది: వినియోగదారుడికి నష్టం జరిగిందా, ముఖ్యంగా ధర పెరిగిందా? అదే చూడాలి. అధ్యక్షుడు రీగన్ హయాంలో అదే పద్ధతిగా స్థిరపడింది. ఉచితంగా ఇచ్చే యాప్‌కి ధర ఎక్కడ పెరుగుతుంది? అధికారులు దారి తప్పింది ఇక్కడేనని నా అభిప్రాయం.

1998లో మైక్రోసాఫ్ట్‌పై గుత్తాధిపత్యం కేసు పడింది. కంపెనీని రెండుగా చీల్చాలని 2000లో జడ్జి ఆదేశించినా, మరుసటి ఏడాది అప్పీలు కోర్టు దాన్ని రద్దు చేసింది. చట్టాన్ని ఉల్లంఘించిందన్న మాట మాత్రం నిలబడింది.

గూగుల్ వంతు 2020లో వచ్చింది. ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చే ముందుగా కనపడేలా 2021 ఒక్క ఏడాదిలోనే 2,630 కోట్ల డాలర్లు ఇతర కంపెనీలకు కట్టినట్టు విచారణలో బయటపడింది. గూగుల్ గుత్తాధిపత్యం చట్టవిరుద్ధమేనని 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా తేల్చారు. శిక్ష దగ్గరికొచ్చేసరికి, 2025 సెప్టెంబర్‌లో, క్రోమ్‌ను అమ్మాల్సిన పని లేదన్నారు. కొంత సెర్చ్ డేటాను పోటీదారులకు ఇవ్వమన్నారు. తనకొక్కదానికే చోటివ్వాలనే ఒప్పందాలు కుదరవన్నారు. ఆ చోటు కోసం డబ్బు కట్టడాన్ని మాత్రం నిషేధించలేదు.