కంటకాపల్లి రైలు ప్రమాదంలో బోగీల్లోంచి మనుషుల్ని తీసినవాళ్ల సంగతేంటి? సాయం చేసేవాళ్ల మనసుని ముందే గట్టిపరుస్తామనే ఈ 'రెసిలియన్స్ ట్రైనింగ్' ఎక్కణ్ణుంచి వచ్చింది

2023 అక్టోబర్ 29 ఆదివారం రాత్రి విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య రాయగడ ప్యాసింజర్ వెనకనుంచి వచ్చి పలాస ప్యాసింజర్‌ని గుద్దేసింది, తీగలు తెగి కరెంటు లేదు, ఆ చీకట్లోనే నుజ్జయిన బోగీల్లోంచి మనుషుల్ని తీశారు, 14 మంది పోయారు. అంతకు పదేళ్ల ముందు, 2013 నవంబర్‌లో, గొట్లాం దగ్గర పట్టాల మీద ఇంకో ఘోరం. రెండుసార్లూ మాటంతా ప్రమాదం ఎలా జరిగిందనే దాని గురించీ ఎక్స్‌గ్రేషియా గురించీనే, ఆ శవాల్ని మోసినవాళ్లకి తర్వాత నిద్ర పట్టిందా అని అడిగినోళ్లు తక్కువ.

అసలు ఇలాంటి వాళ్ల మనసు గురించి పట్టించుకోవడమే లేటు. పీటీఎస్‌డీ, అంటే ఘోరం చూశాక అది మనసుని వదలకుండా వేధించే జబ్బు, ఆ పేరు డాక్టర్ల పుస్తకంలోకి ఎక్కిందే 1980లో, అదీ ఎక్కువగా వియత్నాం యుద్ధం చేసొచ్చిన అమెరికా సైనికుల వల్ల. 1983లో జెఫ్రీ మిచెల్ అనే అమెరికా ఆయన, తనూ ఒకప్పుడు ఫైర్, అంబులెన్స్ పని చేసినోడే, ఘటన అయిన కొద్దిరోజుల్లో సాయానికి వెళ్లినవాళ్లందర్నీ గ్రూపుగా కూర్చోబెట్టి చూసింది చెప్పించాలన్నాడు. డీబ్రీఫింగ్ అన్నారు, తెగ పాకిపోయింది. తీరా 2002లో వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్లు పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఒక్క సిట్టింగ్ వల్ల పీటీఎస్‌డీ ఆగట్లేదు, ఒకటి రెండు చోట్ల ఇంకా ఎక్కువైంది కూడా. మానని పుండుని గెలికినట్టు అన్నమాట.

అక్కణ్ణుంచి గాలి ఇటు మళ్లింది: జరిగాక కాదు, ముందే గట్టిపరుద్దాం అని. 2009లో అమెరికా ఆర్మీ ఇలాంటి ట్రైనింగ్ సైనికులందరికీ పెట్టింది, 2015లో బ్రిటన్‌లో మైండ్ అనే సంస్థ పోలీసు, ఫైర్, అంబులెన్స్ వాళ్ల కోసం బ్లూ లైట్ అనే కార్యక్రమం మొదలెట్టింది. అందులోని గ్రూపు కోర్సునే ఆక్స్‌ఫర్డ్ వాళ్లు పరీక్షించి 2020లో చెప్పిందేంటంటే, మామూలుగా ఆన్‌లైన్‌లో సమాచారం ఇచ్చిన దానికంటే ఇది ఎక్కువేం పనిచెయ్యలేదని. ఇది చెప్పకుండా ట్రైనింగ్ ట్రైనింగ్ అనేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

మన దగ్గర 108 అంబులెన్స్ వచ్చింది 2005 ఆగస్టు 15న. విపత్తుల్లో మానసిక సాయం మీద ఎన్డీఎంఏ (జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ) మార్గదర్శకాలు 2009లో వచ్చాయి, కానీ చూపంతా బాధితుల మీదే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడుకుండిపోయినప్పుడు, అక్కడి కుర్రాడే లైన్‌మేనో ఫైర్‌మేనో అయితే వాడు బాధితుడా, సాయం చేసేవాడా? పొద్దున్న సొంత తోట పోయింది, మధ్యాహ్నం వేరే ఊళ్లో చెట్లు కొయ్యాలి.

2022 నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైను ఉంది, 14416కి ఎవరైనా చెయ్యొచ్చు, మంచిదే. కాపోతే స్ట్రెచర్ మీద రక్తం కడుగుతుండగానే ఇంకో కేసు వచ్చేస్తే అంబులెన్స్ కుర్రాడు ఆ ఫోన్ ఎప్పుడు చేస్తాడు? పెద్ద కేసు అయ్యాక ఆ పూటకి బండి ఆపి, రిలీవర్‌ని పంపడం, కూడా పనిచేసే సీనియర్ ఒకడు పక్కన కూర్చుని టీ తాగించడం, ముందు ఇవి జరగాలి అంటాను, కోర్సు తర్వాత పెట్టుకోండి.