బొడ్డు కింద నల్ల గీత కాన్పయ్యాక పోతుందా?

అయిదో నెలలో బొడ్డు నుంచి కిందికి నల్లటి గీత పడిందనీ, బుగ్గల మీద మంగు కూడా మొదలైందనీ, ఇవి కాన్పయ్యాక పోతాయా అనీ ఒక పాఠకురాలు అడిగారు. గీత చాలామందిలో కొన్ని నెలలకు వెలిసిపోతుంది. మంగు కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. రెండింటిలోనూ ఉన్నది చర్మానికి రంగునిచ్చే మెలనినే అయినా ఈ తేడా ఎందుకన్నదే అసలు విశేషం.

మెలనిన్ తయారుచేసే మెలనోసైట్ కణాలు పైచర్మం అట్టడుగు వరుసలో ఉంటాయి. ఒక్కో మెలనోసైట్ కొమ్మల్లా చాచుకుని చుట్టూ ఉన్న దాదాపు 36 కణాలకు రంగు రేణువులు పంచుతుంది. అందుకున్న కణం ఆ రేణువుల్ని తన కేంద్రకం మీద గొడుగులా పేర్చుకుంటుంది. లోపలి డీఎన్ఏకి అతినీలలోహిత కిరణాలు తగలకుండా అదే కాపలా. ఎంత అద్భుతమైన ఏర్పాటో చూడండి!

గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్, ప్రొజెస్టరోన్‌లతో పాటు ఎంఎస్‌హెచ్ అనే హార్మోను కూడా పెరుగుతుంది. అది మెలనోసైట్ మీది ఎంసీ1ఆర్ గ్రాహకానికి అతుక్కోగానే కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగి, టైరోసినేజ్ ఎంజైమ్ ఎక్కువగా తయారవుతుంది. మెలనిన్ తయారీ వేగం ఈ ఎంజైమ్ చేతిలోనే ఉంది. పొట్ట మధ్యలో పాలిపోయి ఉండే గీత నల్లబడేది ఇందుకే. ఆ గీత పొడవును బట్టి ఆడపిల్లో మగపిల్లాడో చెప్పేస్తుంటారు. బిడ్డ ఆడా మగా అన్నదానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

పైచర్మం కణాలు సుమారు నెల, నెలన్నరలో పైకి చేరి రాలిపోతాయి. హార్మోన్లు తగ్గాక కొత్త కణాలకు అందే రంగూ తగ్గుతుంది కాబట్టి గీత వెలుస్తుంది. మంగులో మాత్రం కొంత మెలనిన్ లోపలి చర్మంలోకి జారిపోవచ్చు. అక్కడి కణాలు అలా రాలిపోవు. పైగా ఎండ మళ్లీ మళ్లీ రెచ్చగొడుతుంది, మామూలు వెలుతురు కూడా! అందుకే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగున్న సన్‌స్క్రీన్ మేలు. హైడ్రోక్వినోన్, రెటినాయిడ్ క్రీములు గర్భంతో ఉన్నప్పుడు వద్దు.

పొట్ట మీద చర్మం సాగి పడే చారలు (స్ట్రెచ్ మార్క్స్) ఏ నూనె రాసినా ఆగుతాయన్న గట్టి ఆధారం లేదు.

రంగు గురించి టెన్షన్ పడనక్కర్లేదు. దురద సంగతి వేరు. చివరి నెలల్లో చారల మీద మొదలై బొడ్డును వదిలేసే దద్దుర్లు బాధ పెడతాయే గానీ బిడ్డకు హాని చేయవు. బొడ్డు చుట్టూ మొదలై బొబ్బలుగా మారితే వెంటనే డాక్టరుకు చూపించాలి. దద్దుర్లేమీ లేకుండా అరచేతులూ అరికాళ్లూ రాత్రిపూట విపరీతంగా దురద పెడితే కాలేయంలో పైత్యరసం సరిగా పారడం లేదేమోనని అనుమానించాలి. రక్తంలో పైత్య ఆమ్లాలు లీటరుకు 100 మైక్రోమోల్స్ చేరితే బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి, డాక్టర్లు ఆ పరీక్ష ఫలితాన్ని బట్టి గడువు కంటే ముందే కాన్పు చేస్తారు. తర్వాతి గర్భంలో ఈ కాలేయ సమస్య మళ్లీ రావడం మామూలే కనుక, మొదటి చెకప్‌లోనే ఆ సంగతి చెప్పాలి.