ఆగిపోయిన వాచీలో సెల్ వదిలేయకండి: పలుచని క్వార్ట్జ్ వాచీలపై అపోహలు - వాస్తవాలు

“కొత్తదే బాబూ, పట్టుమని పదిసార్లు కూడా పెట్టుకోలేదు. సెల్ ఒక్కటి వేసివ్వు, చాలు.”

వాచీలు బాగుచేసే నా బల్ల ముందు తరచుగా వినిపించే మాట ఇది. వినగానే నాకు గుబులు మొదలవుతుంది. రోజూ చేతికి ఉండి గీతలు పడ్డ వాచీని విప్పేటప్పుడు లేని భయం, మఖమల్ పెట్టెలో తళతళలాడుతూ వచ్చిన పలుచని వాచీ మూత తీసేటప్పుడు ఉంటుంది.

అపోహ: వాడకుండా భద్రంగా దాచిన వాచీ పాడవదు.

వాస్తవం: వాచీతో పాటు దాని లోపలి సెల్‌ను కూడా దాచామన్న సంగతి చాలామందికి తట్టదు. ముళ్లు ఆగినంత మాత్రాన సెల్ లోపలి రసాయన చర్య ఆగిపోదు. సిల్వర్ ఆక్సైడ్ సెల్‌లో జింక్ పొడి, ఘాటైన క్షార ద్రావణం ఉంటాయి. అయిపోయిన సెల్‌ను నెలల తరబడి, ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే ఆ క్షారం సీలు దాటి బయటికి పాకవచ్చు. పలుచని మూవ్‌మెంట్‌లో, అంటే వాచీని నడిపే లోపలి యంత్రంలో, భాగాలను ఒకదానిపై ఒకటి పేర్చే చోటు ఉండదు. సెల్, కాయిల్, సర్క్యూట్, చక్రాలు అన్నీ ఒకే పలకపై పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి. కాబట్టి కారిన క్షారం ఎక్కువ దూరం పోనక్కర్లేదు. కాయిల్‌లో ఉండేది వెంట్రుక కంటే సన్నని రాగి తీగ, వేల చుట్లు. అందులో ఒక్కచోట తెగినా మోటారు కదలదు.

ఒక పెద్దావిడ ఒకే రోజు కొన్న జంట వాచీలు తెచ్చారు. భర్తది రోజూ చేతికి ఉండేది, ఆగినప్పుడల్లా సెల్ మార్పించారు. ఆమెది మాత్రం ఏవో రెండు మూడు వేడుకల తరువాత బీరువాలోకి వెళ్లింది. పైకి చూస్తే ఆయన వాచీ అరిగిపోయి ఉంది, ఆమెది నిన్న కొన్నట్టుంది. రెండింటి మూతలూ తీసి భూతద్దం ఆమె చేతికిచ్చాను. ఆయన దానిలో పలకలు శుభ్రంగా మెరుస్తున్నాయి. ఆమె దానిలో సెల్ అంచు చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు తెల్లని పొర, దాని పక్కనే పచ్చబారిన కాయిల్. “జాగ్రత్తగా దాచుకున్నానే” అన్నారామె. ఆ తప్పు ఆమెది కాదు. అమ్మేటప్పుడు ఈ ముక్క ఎవరూ ఆమెకు చెప్పలేదు.

“పేరున్న కంపెనీ సెల్ అయితే కారదు” అనే పుకారు ఎక్కడ పుట్టిందో గానీ, దయచేసి దాన్ని నమ్మకండి. మంచి సెల్ కారే అవకాశం తక్కువ, అంతే. వాచీ ఆగిందని తెలిసిన వారంలోపే సెల్ తీయించండి. మళ్లీ పెట్టుకునే ఉద్దేశం లేకపోయినా తీయించండి, కొత్తది తరువాత వేయించుకోవచ్చు. రెండే ముళ్లున్న వాచీలకు మరింత శ్రద్ధ కావాలి. సెకన్ల ముల్లు లేదు కనుక, ఆగిన సంగతి రోజుల తరబడి తెలియదు. నెలకోసారి పెట్టె తెరిచి సమయం సరిచూసుకోండి.

క్రౌన్ (ముళ్లు తిప్పే పక్క బుడిపె) బయటికి లాగి ఉంచితే సరిపోతుందా అని అడుగుతారు. మోటారు ఆగుతుంది, చాలా మూవ్‌మెంట్లలో కరెంటు వాడకం బాగా తగ్గుతుంది, సెల్ ఎక్కువ కాలం వస్తుంది. కొన్ని నెలలకైతే మంచి పద్ధతే. కానీ సెల్ లోపలే ఉంటుంది, ఏళ్లు గడిస్తే ప్రమాదమూ అక్కడే ఉంటుంది.

అపోహ: చోటులో పట్టే సెల్ ఏదైనా ఒకటే.

వాస్తవం: 626, 621, 616 అనే సైజు నంబర్లున్న ఈ మూడు సెల్‌ల వ్యాసం 6.8 మిల్లీమీటర్లే. మందం మాత్రం వరుసగా సుమారు 2.6, 2.1, 1.65 మిల్లీమీటర్లు. పలుచని మూవ్‌మెంట్‌లో ఒక మిల్లీమీటరు అంటే చాలా ఎక్కువ. 616 ఉండాల్సిన చోట 626 పెట్టి, బలవంతంగా నొక్కి మూత వేసిన వాచీలు నా దగ్గరకు వచ్చాయి. మూత పడింది గానీ లోపలి స్ప్రింగు రేకు వంగిపోయింది. ఆల్కలైన్ సెల్ కూడా వద్దు. సిల్వర్ ఆక్సైడ్ సెల్ 1.55 వోల్టులను దాదాపు చివరిదాకా నిలబెడుతుంది, ఆల్కలైన్‌లో వోల్టేజి మొదటి నుంచీ జారుతూ వస్తుంది. తీసిన సెల్ ఏదైనా పిల్లలకు అందనివ్వకండి, మింగితే ప్రాణాపాయం.

అపోహ: క్వార్ట్జ్ వాచీకి సర్వీసింగ్ అక్కర్లేదు.

వాస్తవం: చక్రాలున్న చోట నూనె ఉంటుంది, నూనె ఉన్న చోట ఎండిపోవడమూ ఉంటుంది. చక్రాలు తిరగడం బరువైతే చాలా సర్క్యూట్లు మోటారుకు మరింత బలమైన కరెంటు పల్సులు పంపుతాయి. వాచీ ఆగదు, సమయం తప్పదు, కానీ రెండేళ్లు రావాల్సిన సెల్ ఆరు నెలలకే అయిపోతుంది. అలా జరిగితే సెల్‌ల మీద సెల్‌లు మార్చకుండా వాచీ ఎంత కరెంటు వాడుతోందో కొలిపించండి.

మిగిలినవి త్వరగా చెబుతాను. సెకన్ల ముల్లు రెండేసి, నాలుగేసి సెకన్లు గెంతితే చాలావరకు అది సెల్ అయిపోతోందన్న హెచ్చరికే, జబ్బు కాదు. అయస్కాంతం దగ్గర వాచీ ఆగితే దూరం జరిపి సమయం సరిచేసుకోండి, మామూలుగా నడుస్తుంది. నీటిని తట్టుకునే లోతు 30 మీటర్లు అని రాసి ఉన్నా ఈతకు పనికిరాదు. మూత తీసిన ప్రతిసారీ, నీరు చొరకుండా ఆపే రబ్బరు రింగు చూడమని అడగండి. నెలకు 15 సెకన్ల తేడా మామూలే. పలుచన అంటే నాసిరకం అనే మాటను మాత్రం ఒప్పుకోలేను. 2016లో సిటిజన్ 1 మిల్లీమీటరు మందం ఉన్న, వెలుగుతో నడిచే మూవ్‌మెంట్ తెచ్చింది. దాన్ని అమర్చిన వాచీ మొత్తం మందం 2.98 మిల్లీమీటర్లే.

ఇప్పటికే మీ వాచీలో తెల్లని పొర కనిపించి ఉంటే కంగారు పడకండి. పిన్నుతో గీకవద్దు, తడిగుడ్డతో తుడవవద్దు, కాయిల్ తీగ ఆ ఒక్క గీతకే తెగుతుంది. అలాగే తెచ్చి చూపించండి. కొన్నిటికి కాయిల్ మారిస్తే చాలు, కొన్నిటికి మూవ్‌మెంట్ మొత్తం మార్చాలి. ఆ పెద్దావిడ వాచీకి మూవ్‌మెంటే మార్చాను. డయల్, ముళ్లు, కేసు అన్నీ ఆమెవే ఉన్నాయి.