సిక్లిడ్ తొట్టిలో ఎవరికి ఎవరితో పడుతుంది? అపోహలు - వాస్తవాలు

“కొన్నప్పుడు బాగానే ఉన్నాయండీ. నాలుగు నెలలు కలిసే తిరిగాయి. ఇప్పుడేమైందో, ఒకదాన్నొకటి బతకనివ్వడం లేదు.”

ఇళ్లలో అక్వేరియంలు సెట్ చేసి, తర్వాత వాటి బాగోగులు చూసే పని నాది. సిక్లిడ్ చేపలు పెంచేవాళ్ల నోట ఎక్కువగా వినే మాట ఇదే. నిజానికి ఆ చేపలకు ఏమీ కాలేదు, ఈడుకొచ్చాయంతే. సిక్లిడ్ కొట్లాడేది చాలావరకు జాగా కోసం, గుడ్ల కోసం. అంగుళంన్నర పిల్లకు ఆ రెండిటితోనూ ఇంకా పనిలేదు. అందుకే చేపలను ఎంచుకునేటప్పుడు ఇవాళ్టి సైజు మర్చిపోయి, ఏడాది తర్వాత ఆ చేప ఎలా ఉంటుందో ఊహించుకోవాలి.

అపోహ: అన్నీ సిక్లిడ్‌లే కదా, ఒకే తొట్టిలో సర్దుకుంటాయి

సిక్లిడ్ అన్నది ఒక పెద్ద కుటుంబం పేరు. శాస్త్రవేత్తలు పేరు పెట్టిన జాతులే 1,700కు పైగా ఉన్నాయి. ఇళ్లలో పెంచేవి ఎక్కువగా రెండు వైపుల నుంచి వచ్చాయి. ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యికా సరస్సులు ఒకవైపు, దక్షిణ, మధ్య అమెరికా నదులు మరోవైపు. మలావీ నీటి పీహెచ్ (7 దాటితే క్షారగుణం, తగ్గితే ఆమ్లగుణం) సుమారు 7.7 నుంచి 8.6 దాకా ఉంటుంది, టాంగన్యికాలో 9 దగ్గరకు వెళ్తుంది. అమెజాన్ ప్రాంతపు డిస్కస్‌కు మాత్రం లవణాలు తక్కువగా, కాస్త ఆమ్లగుణంతో, 28 నుంచి 30 డిగ్రీల వేడితో ఉండే నీళ్లు కావాలి. ఇద్దరికీ మధ్యస్థంగా ఉంటుందని నీళ్లు కలిపితే ఇద్దరూ ఇబ్బంది పడతారు.

మేత దగ్గర ఇంకో చిక్కు. మలావీలో రాళ్ల మధ్య బతికే చేపలను ఎంబూనా అంటారు. వీటిలో చాలావరకు రాళ్ల మీది నాచు గీక్కుని తినేవే, పేగు పొడుగ్గా ఉంటుంది. దక్షిణ అమెరికా సిక్లిడ్ ఆస్కార్‌కు వేసే మాంసం మేత రోజూ వీటికీ పడితే వంటికి సరిపడదు, పొట్ట ఉబ్బుతుంది. పోనీ వేర్వేరుగా వేద్దామంటే, ఒకే తొట్టిలో రెండు వంటలు ఎలా వడ్డిస్తాం?

అపోహ: చిన్నప్పటి నుంచి కలిపి పెంచితే స్నేహంగా ఉంటాయి

ఈ పని మొదట్లో నేనే చేశాను. ఒక ఇంట్లో నాలుగడుగుల తొట్టిలో ఆరు యెల్లో ల్యాబ్‌లు, ఆరు ఆరాటస్ పిల్లలు వేశాను, రెండూ ఎంబూనాలే. ఆరాటస్ పిల్లలప్పుడు బంగారు పసుపు ఒళ్లు, దాని మీద నల్ల చారలు, చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఆడవి పెద్దయ్యాక కూడా అలాగే ఉంటాయి. మగది మాత్రం రంగు మార్చుకుంటుంది. ఈ తొట్టిలోనూ ఒకదానికి పొట్ట కింద మసి రాసినట్టు మొదలై, కొన్ని వారాల్లో ఒళ్లంతా నల్లబడింది. మధ్యలో ఉన్న పెద్ద రాయి కింది గుహ దాని సొంతమైంది.

తర్వాత ఒక ఉదయం ఆ ఇంటావిడ ఫోన్ చేశారు: రెండు చేపలకు ఫంగస్ వచ్చిందట, మందు వేయమంటారా అని. వెళ్లి చూస్తే రెండు యెల్లో ల్యాబ్‌లు పై మూలలో, హీటర్ వెనక, రెక్కలు ఒంటికి అంటించుకుని వేలాడుతున్నాయి. తోకలు చిరిగిపోయి పీలికలయ్యాయి, పక్కన నాలుగు పొలుసులు లేచిపోయిన చోట తెల్లగా కనిపిస్తోంది. జబ్బు లేదు, ఏమీ లేదు. కిందికి దిగిన ప్రతిసారీ దెబ్బలు తిని అక్కడ తలదాచుకున్నాయి. పై మూలలో అలా వేలాడే చేప కనిపిస్తే మందు సీసా పక్కన పెట్టి, ముందు తొట్టిలో పెత్తనం ఎవరిదో చూడండి.

మలావీ సిక్లిడ్‌లతో ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లకు ఆరాటస్ నేనైతే ఇవ్వను. అందమైన పిల్ల, దుర్మార్గపు పెద్ద.

అపోహ: తక్కువ చేపలుంటే గొడవలు తక్కువ

వినడానికి సబబుగా ఉంటుంది. ఎంబూనాల దగ్గర మాత్రం తిరగబడుతుంది. తొట్టిలో మూడే చేపలుంటే బలమైనది రోజంతా ఒకదాని వెంటే పడుతుంది. పదీ పదిహేను ఉంటే ఎవరి మీదా ఎక్కువసేపు నిలవలేదు, దెబ్బలు పంచుకుపోతాయి. అందుకే 200 లీటర్లకు పైబడిన, పొడుగైన తొట్టిలో వీటిని గుంపుగానే పెంచుతారు. ఒక్కో జాతిలో ఒక మగదానికి మూడో నాలుగో ఆడవి ఉండాలి. ‘ఒక జంట చాలు’ అనుకుంటే ఆ ఒక్క ఆడ చేపకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. పైగా ఆడవి గుడ్లను, పిల్లలను నోట్లో పెట్టుకుని సుమారు మూడు వారాలు మోస్తాయి, ఆ రోజుల్లో తిండి దాదాపు మానేస్తాయి. ఆకలితో ఉన్నదాన్ని తరుముతుంటే ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

ఇక్కడొక మెలిక ఉంది. గుంపు పెరిగితే మురికీ పెరుగుతుంది. పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో, ఆ మురికి నుంచి పుట్టే అమ్మోనియా ఇంకా విషపూరితం. కాబట్టి పెద్ద ఫిల్టర్, వారం వారం నీళ్లు మార్చే ఓపిక లేకపోతే ఈ పద్ధతి జోలికి పోవద్దు. తొట్టి కొత్తదైతే, ఫిల్టర్‌లో ఆ అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా కుదురుకునే దాకా అసలు ఆలోచించొద్దు.

ఈ లెక్కను మధ్య అమెరికా చేపలకు పట్టుకెళ్లకండి. అక్కడి కన్విక్ట్ సిక్లిడ్‌లు ఆడా మగా జంట కట్టి, ఇద్దరూ కలిసి పిల్లలను కాపలా కాస్తాయి. నాలుగంగుళాల కన్విక్ట్ జంట పిల్లలు పెట్టిందంటే, తమకు రెండింతలున్న చేపలను కూడా సగం తొట్టిలోకి రానివ్వవు. గుంపు పెంచితే మిగతావన్నీ ఇంకో సగంలో ఇరుక్కుంటాయి, అంతే.

అపోహ: ఫ్లవర్‌హార్న్ ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుంటుంది

బెంగ చేపది కాదు, మనదే. ఫ్లవర్‌హార్న్ అడవి చేప కూడా కాదు. మధ్య అమెరికా సిక్లిడ్‌లను సంకరం చేసి 1990లలో మలేషియాలో తయారుచేసిన రకం. అద్దం చూపిస్తే మొప్పలు ఉబ్బించి ముందుకు దూకేది ప్రేమతో అనుకుంటారు కొందరు. ఆ అద్దంలో ఉన్నది నిజం చేపైతే ఏం చేసేదో ఆలోచించండి. ఒక తొట్టికి ఒకటే.

అపోహ: ఏంజెల్‌లు సాధు చేపలు, నియాన్ టెట్రాలతో వేయొచ్చు

ఏంజెల్ కూడా సిక్లిడే. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. పెద్దదయ్యాక, సూదిలా సన్నగా ఉండే నియాన్ దాని నోట్లో హాయిగా పడుతుంది. పొద్దున లెక్కపెడితే ఒకటి తక్కువ, ఇంకో పొద్దున ఇంకొకటి తక్కువ. నోట్లో పట్టేదాన్ని ఏ సిక్లిడ్ పక్కనా పెట్టొద్దు.

‘తొట్టిని బట్టే చేప పెరుగుతుంది’ అనే మాట కూడా ఇలాంటిదే. ఆస్కార్ అడుగు దాకా పెరిగే చేప. చిన్న తొట్టిలో అది బుద్ధిగా చిన్నగా ఉండిపోదు, మురికినీళ్లలో గిడసబారి ఆయుష్షు పోగొట్టుకుంటుంది. అద్దాలు నాకే సక్కర్ చేప దేనితోనైనా కలుస్తుందనేదీ అంతే. ఆ సక్కర్‌నే ప్లెకో అంటారు, మామూలు ప్లెకో అడుగుకు పైగా పెరుగుతుంది, కొన్ని రాత్రిపూట డిస్కస్‌ల ఒంటికి అతుక్కుని జిగురు గీకుతాయి.

అపోహ: కొత్త చేప నాలుగు రోజుల్లో దానంతటదే కలిసిపోతుంది

అన్ని మూలలూ పంచుకున్న తొట్టిలో కొత్తది పరాయిదే. కొత్త చేపను వదిలే ముందు నేను పాతవాటికి మేత వేసి, రాళ్లన్నీ కదిపి వేరేగా పేరుస్తాను. ఎవరి గుహ ఎక్కడో ఎవరికీ తెలియకుండా పోతుంది. తర్వాత లైటు ఆర్పేసి చేపను వదులుతాను, తెల్లారే దాకా లైటు వేయను. అదే జాతి మగది ఇంకొకటి, లేదా అదే రంగు, అవే చారలున్నది ఉంటే మాత్రం ఈ ఉపాయమూ పనిచేయకపోవచ్చు. పోలిక ఉన్నవాటి మీదే కసి ఎక్కువ. తొట్టిని మొదటి నుంచి నింపుతుంటే నెమ్మదైనవాటిని ముందు, దూకుడువాటిని చివర్న వేయండి.

ఇంత చేసినా పక్కన ఒక టబ్బు, చిన్న స్పాంజ్ ఫిల్టర్ ఉంచుకోండి. నేను ఆరోజు నల్లబడ్డ ఆరాటస్‌ను అలాంటి టబ్బులోకే తీశాను. దెబ్బ తిన్న రెండిటినీ ఉన్నచోటే ఉంచాను. మూడోరోజు వెళ్లేసరికి ఒకటి హీటర్ వెనక నుంచి దిగి ఇసుక దాకా వచ్చింది, ఇంకొకటి అక్కడి నుంచే మేత వైపు చూస్తోంది.