ఐదు డాలర్ల బోర్డు, దాని నెత్తిన మెమరీ

పోయిన వేసవిలో ప్లస్ టూ చదివే మా మేనల్లుడు ఒక లెక్క పట్టుకొచ్చాడు. "మావయ్యా, రాస్‌బెర్రీ పై జీరో ఐదు డాలర్లేనట. నాలుగు వందల చిల్లర. కొనేద్దామా?"

రాస్‌బెర్రీ పై అంటే ఒకే పలక మీద ఇమిడిపోయే చిన్న కంప్యూటర్, జీరో అందులో చౌక రకం. వాడు చదివింది 2015 నాటి వార్త. ఆ మాట చెప్పకుండా కాగితం ఇచ్చి మొత్తం ఖర్చు రాయమన్నాను. మెమరీ కార్డు, అడాప్టర్, బోర్డు మీది చిన్న హెచ్‌డీఎంఐని టీవీకి కలిపే ముక్క, యూఎస్‌బీ సామాను తగిలించే ఓటీజీ కేబుల్, కీబోర్డు, మౌస్, 18 శాతం జీఎస్టీ, వాళ్లుండే ఒడిశా పర్లాకిమిడి దాకా కొరియర్. టీవీ ఇంట్లో ఉంది కాబట్టి ఆ ఒక్క ఖర్చూ తప్పింది. కాగితం సగం నిండేసరికి వాడి ఉత్సాహం చప్పబడిపోయింది.

ఒకే పలక మీద కంప్యూటర్ అన్నది పాత సంగతే. 1976లో అమెరికాలో ఎంఓఎస్ టెక్నాలజీ అనే కంపెనీ కిమ్-1 అనే బోర్డును 245 డాలర్లకు అమ్మింది. దానికి తెర లేదు, ఆరు అంకెలు చూపించే ఎర్ర దీపాలు ఉండేవి. క్యాలిక్యులేటర్ మీటల్లాంటివి నొక్కి ప్రోగ్రాం ఎక్కించాలి. 1981లో బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ బీబీసీ మైక్రో తెచ్చింది. అందులో చౌక రకమే 235 పౌండ్లు. మన దేశంలో 1984లో మొదలైన, బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పే 'క్లాస్' పథకం కింద కొన్ని స్కూళ్లకు వెళ్లినవి ఈ బీబీసీ మైక్రోలే.

ధర నిజంగా పడిపోవడానికి కారణం మాత్రం ఫోన్లు. ఆ ఏకార్న్ వాళ్లే 1985లో ఆర్మ్ అనే ప్రాసెసర్ తయారుచేశారు. తర్వాత అదే డిజైన్ సెల్‌ఫోన్లలోకి చేరి కోట్లలో అమ్ముడుపోయింది. అంత సరుకు తయారయ్యేచోట ఒక్కో చిప్ ఖరీదు చిల్లరలోకి వచ్చేస్తుంది. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్స్ సీటు కోసం వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారనీ, వచ్చినవాళ్లకూ ప్రోగ్రామింగ్ అలవాటు లేదనీ అక్కడ పాఠాలు చెప్పే ఎబెన్ అప్టన్ బెంగపెట్టుకున్నారు. తర్వాత ఆయన బ్రాడ్‌కామ్‌లో చిప్‌లు డిజైన్ చేసే ఉద్యోగంలో చేరారు. ఆ బెంగా, ఆర్మ్ డిజైన్ వాడిన ఆ కంపెనీ చిప్పూ కలిస్తే రాస్‌బెర్రీ పై అయింది. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకు అమ్మకానికి పెడితే, ఆ ఉదయమే అమ్మే సైట్లు మొరాయించాయి.

ఆ తొలి రకం ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఏటీఎం కార్డంత పచ్చ పలక, మధ్యలో వేలి గోరంత నల్ల చతురస్రం. చూసినవాళ్లంతా అదే ప్రాసెసర్ అనుకుంటారు. కాదు, అది మెమరీ (కార్డు కాదు, పని నడిచేటప్పుడు వాడే ర్యామ్). ప్రాసెసర్ దాని కింద దాక్కుని ఉంటుంది. చోటు కలిసొస్తుందని ఫోన్లలో చేసినట్టే ఒకదాని మీద ఒకటి అతికించారు. ఈ నల్ల ముక్కను గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

2015 ఎవరు చౌకగా అమ్ముతారన్న పందెంలా నడిచింది. 9 డాలర్లకే కంప్యూటర్ అంటూ 'చిప్' అనే బోర్డు వచ్చింది. దాన్ని చేసిన కంపెనీ 2018లో మూతపడింది. 2015 నవంబరులో పై జీరో 5 డాలర్లకు వచ్చింది. ఒక పత్రిక అట్ట మీద అతికించి ఉచితంగా కూడా ఇచ్చారు. వైఫై లేదు, నెట్ కేబుల్ పెట్టుకునే చోటూ లేదు. 5 డాలర్లన్నది బోర్డు ధరే తప్ప కంప్యూటర్ ధర ఎప్పుడూ కాదు. చాలా పేపర్లు ఈ తేడా పెద్దగా రాయలేదు, మనమూ అడగలేదు.

పైగా డాలర్లలో తగ్గినదంతా రూపాయల్లో తగ్గదు. 2012లో డాలరు 50 రూపాయల దగ్గర ఉండేది కాబట్టి 35 డాలర్లంటే 1750. డాలరు 85 దాటాక అదే 35 డాలర్లు మూడు వేలకు దగ్గరైంది. బోర్డు వేగం పెరిగిన మాట నిజమే. కొనేవాడి జేబు మాత్రం పాతదే.

2021లో చిప్‌ల కరువు వచ్చింది. దొరికిన సరుకు ముందు ఫ్యాక్టరీలకూ కంపెనీలకూ వెళ్లింది, పిల్లల కోసం మొదలుపెట్టిన బోర్డు పిల్లలకే దొరకలేదు. ఆ అక్టోబరులో 2 జీబీ పై 4 ధర 35 నుంచి 45 డాలర్లకు ఎక్కింది, పైల చరిత్రలో అదే మొదటి పెంపు. 2022 చివర్లో 5 డాలర్ల జీరో 10 అయింది. 2025 డిసెంబరులో 8 జీబీ పై 5 ధర 80 నుంచి 95కి పెరిగింది. కారణం ఆ నల్ల ముక్కే, మెమరీ. ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోతున్నాయి, మిగిలినదాని ధర అందరికీ పెరిగింది. ఫోన్ల పుణ్యమా అని చౌకగా దొరికిన సరుకు, ఇంకా పెద్ద బేరగాడు వస్తే మనకెందుకు మిగులుతుంది?

చివరికి వాడు విశాఖలో ఎవరో వాడేసిన పై 3 కొన్నాడు. పార్సిల్ బస్సులో ఆంధ్ర వైపు పాతపట్నం దాకా వస్తే సైకిల్ మీద వెళ్లి తెచ్చుకున్నాడు. ఇంటి టీవీకి తగిలిస్తే తెలుగు అక్షరాల చోట వరసగా ఖాళీ డబ్బాలు. ఫాంటు ఎక్కించాక సరిపోయింది. నెట్ లేకుండా తెలుగు వికీపీడియా చదువుకునేలా కివిక్స్ అనే ప్రోగ్రాం కూడా పెట్టుకున్నాడు. స్క్రీన్ మూలన పసుపు మెరుపు గుర్తు వస్తూపోతూ ఉండేది. పాత ఫోన్ చార్జర్ వాడుతున్నాడు, బోర్డుకు కరెంటు చాలడం లేదని అర్థం. మంచి అడాప్టర్ కొనాలన్నాను, వాయిదా వేశాడు.

గాలివాన వచ్చిన రాత్రి కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. పొద్దున బోర్డు లేవలేదు. పాడైంది బోర్డు కాదు, మెమరీ కార్డు. ఇప్పుడు దాని ధర కూడా అడిగి తెలుసుకొస్తానని బజారుకు బయల్దేరాడు.