మొరాయించే లాకు దగ్గర వినపడే మాటలు: అపోహలు - వాస్తవాలు

కాలవ మీద పూర్తిగా మూసేసిన లాకుతో బోటు నడిపేవాళ్ళకి పెద్ద తలనొప్పి ఉండదు, బోర్డు చూసి ఆగిపోతాం, లేదంటే వెనక్కి తిప్పుకుంటాం. తలనొప్పంతా సగం సగం పనిచేసే లాకుతోనే. నిన్న చక్కగా తెరుచుకున్న తలుపు ఇవాళ కదలదు, ఒక షట్టర్ లేవదు, ఇంకోటి లేస్తే దిగదు, వెనకాల బోట్లు లైను కట్టేస్తాయి, అందులో ఎవరో ఒకరు గట్టు మీదకొచ్చి "ఇంజన్‌తో ఒక్క తోపు తొయ్యండి, అదే వస్తుంది" అంటారు. ఈ పనిలో ఉన్నాను కాబట్టి ఇలాంటి మాటలు రోజూ వింటుంటాను, కొన్ని వింటే భయమేస్తుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

కొత్తవాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. లాకు అంటే ఎగువ కాలవకీ దిగువ కాలవకీ మధ్య బోట్లని ఎక్కించి దించే ఒక చాంబర్, దానికి రెండు చివర్లా తలుపులు, ఆ తలుపుల్లోనో పక్క గోడల్లోనో నీళ్ళు వదిలే షట్టర్లు. ఎగువ షట్టర్లు ఎత్తితే చాంబర్ నిండి బోటు పైకి లేస్తుంది, దిగువ షట్టర్లు ఎత్తితే ఖాళీ అయ్యి కిందకి దిగుతుంది. మామూలు లాకులో దీనికి పంపులేమీ ఉండవు, నీళ్ళు వాటంతట అవే పల్లానికి పోతాయి. చైనాలో 984లో చియావ్ వెయ్‌యుయే అనే అధికారి గ్రాండ్ కెనాల్ మీద ఇలా రెండు చివర్లా తలుపులున్న లాకు కట్టించాడు, ఇప్పటికీ పద్ధతి అదే.

కింద చెప్పే లెక్కలన్నిటికీ ఒకే లాకు అనుకుందాం: 30 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, ఎగువకీ దిగువకీ తేడా 2.5 మీటర్లు. ఎగువ తలుపు ఒక్కో రెక్క 3 మీటర్ల వెడల్పు, దాని మీద 2 మీటర్ల లోతు నీళ్ళు.

అపోహ: తలుపు బిగుసుకుపోయింది, నలుగురం పట్టి తోస్తే వస్తుంది.

వాస్తవం: చాలాసార్లు తలుపు బిగుసుకోలేదండీ, అవతల నీళ్ళు ఇంకా ఎత్తులో ఉన్నాయి, అంతే. రెండు పక్కలా తేడా 1 సెంటీమీటరే ఉన్నా మన లెక్క ప్రకారం ఆ రెక్క మీద దాదాపు 60 కిలోల బరువు పడుతుంది. 10 సెంటీమీటర్లుంటే 600 కిలోలు. కంటికి ఆ 10 సెంటీమీటర్లు తేడాలాగే కనపడదు, చూసేవాళ్ళకి "సమానం అయిపోయింది కదా, ఇంకేంటి" అనిపిస్తుంది. ఆ తలుపుని బోటు ముక్కుతో గుద్దితే తలుపు తెరుచుకోదు గానీ, కింద ఇరుసో, రెండు రెక్కలూ కలిసే అంచో దెబ్బతింటుంది, ఆ అంచు దెబ్బతింటే అక్కణ్ణుంచి కారడం మొదలవుతుంది, ఇవాళ మొరాయించిన లాకు రేపు అసలు పనిచెయ్యదు.

చెయ్యాల్సింది ఏంటంటే తలుపు దూలం (తలుపు తొయ్యడానికి దాని పైన ఉండే పొడవాటి దూలం) మీద వీపు ఆన్చి, ఊపులు ఇవ్వకుండా, ఒకే బలంతో ఆనుకుని నిలబడాలి. నీళ్ళు సమానమైన క్షణంలో తలుపు దానంతటదే ఒక అంగుళం కదులుతుంది, ఆ కదలిక వీపుకి తెలుస్తుంది, అప్పుడు నడుచుకుంటూ తొయ్యడమే.

అపోహ: రెండు షట్టర్లలో ఒకటి పాడైతే టైం డబుల్ అవుతుంది, మిగతాదంతా మామూలే.

వాస్తవం: నాకు తెలిసి ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. కారని లాకు అంటూ దాదాపు ఉండదు. మనం చాంబర్ నింపుతున్నంతసేపూ దిగువ తలుపుల సందుల్లోంచి నీళ్ళు పోతూనే ఉంటాయి. చాంబర్ నిండే కొద్దీ ఎగువతో తేడా తగ్గి లోపలికొచ్చే నీళ్ళు తగ్గుతాయి, దిగువతో తేడా పెరిగి బయటకి పోయేవి పెరుగుతాయి. ఒక దగ్గర వచ్చేదీ పోయేదీ సమానమవుతాయి. అక్కడ చాంబర్ ఆగిపోతుంది, గంట నిలబడినా ఇంక లేవదు.

మన లాకులో కారే సందులన్నీ కలిపితే రెండు ఎగువ షట్టర్ల దారిలో పదో వంతు అనుకోండి. రెండూ ఎత్తితే మట్టం ఎగువకి సుమారు 2.5 సెంటీమీటర్లు తక్కువలో ఆగుతుంది, తలుపు మీద 150 కిలోలు, దూలం పొడవుగా ఉంటుంది కాబట్టి ఇద్దరు ముగ్గురు ఆనుకుంటే వచ్చేస్తుంది. అదే ఒక షట్టర్ పాడైందనుకోండి, ఇప్పుడు లీకు ఐదో వంతు, మట్టం దాదాపు 10 సెంటీమీటర్లు తక్కువలోనే ఆగిపోతుంది. అంటే దారి సగమైతే తేడా నాలుగింతలయింది, తలుపు మీద 600 కిలోలకి దగ్గర్లో పడింది. లీకు నిన్నటిదే, తలుపు నిన్నటిదే, అయినా ఇవాళ తెరుచుకోదు. "నిన్న వచ్చింది కదా" అని తలుపుని తిట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు.

కాబట్టి ఎగువ తలుపు రానప్పుడు ఎగువ తలుపు దగ్గర నిలబడకండి, నడుచుకుంటూ దిగువ తలుపు దగ్గరకెళ్ళి కిందకి చూడండి. ఎక్కణ్ణుంచి పోతున్నాయో కనపడుతుంది. రెండు రెక్కలు కలిసే చోట సన్నగా నిలువు గీతలా చిమ్ముతుంటే అది మామూలే. ఒక పక్క కింద నీళ్ళు బుస్సున తెల్లగా పొంగుతుంటే షట్టర్ పూర్తిగా దిగలేదని అర్థం, కింద కర్రముక్కో నాచు ముద్దో ప్లాస్టిక్ సంచో పడి ఉంటుంది. ఆ షట్టర్‌ని కొద్దిగా ఎత్తి ఒక్క నిమిషం నీళ్ళు పోనిచ్చి మళ్ళీ దించండి, చాలాసార్లు ఆ ఉరవడికే చెత్త కొట్టుకుపోతుంది. రెక్కల మధ్య కర్ర ఇరుక్కుంటే మాత్రం దానికి చాంబర్ మళ్ళీ ఖాళీ చేసి, తలుపు కాస్త తెరిచి, కొక్కెం కర్రతో లాగాల్సిందే, దగ్గరిదారి లేదు.

ఇంకోటి, ఓపిక పట్టాల్సిన టైం ఎంతో కూడా తెలిసుండాలి. లీకే లేదనుకున్నా, 2.5 మీటర్లు నిండడానికి 10 నిమిషాలు పడితే అందులో 2 నిమిషాలు ఆఖరి 10 సెంటీమీటర్లకే పోతాయి. తేడా తగ్గేకొద్దీ నీళ్ళ జోరు పడిపోతుంది కదా. ఆఖర్లో ఆగిపోయినట్టు కనపడితే గోడ మీద తడి గీత దగ్గర సుద్దముక్కతో ఒక గుర్తు పెట్టి చూడండి. గుర్తు మునిగితే ఇంకా నిండుతోంది, ఆగండి. చాలాసేపు మునక్కపోతే పైన చెప్పిన లీకు వ్యవహారం.

అపోహ: షట్టర్లు మొదట్లోనే మొత్తం లేపేస్తే తొందరగా అయిపోతుంది.

కాస్త తొందరగా అవుతుంది, నిజమే. కానీ మొదట్లోనే తేడా ఎక్కువ, నీళ్ళ జోరు ఎక్కువ, బోటుని ముందుకీ వెనక్కీ విసిరేస్తుంది. సగం ఎత్తండి, బోటు కుదురుకున్నాక మిగతాది ఎత్తండి. పాత షట్టర్ మధ్యలో ఇరుక్కునే అలవాటుంటే ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం, ఎందుకంటే ఫుల్లుగా లేచి ఇరుక్కుపోయిన షట్టర్‌ని ఆపే దారి లేదు. నేనైతే చాంబర్‌లోకి బోటు పెట్టకముందే ప్రతి షట్టర్‌నీ కొద్దిగా ఎత్తించి దింపించి చూస్తాను. ఎత్తడం కుదిరిందా అన్నదానికంటే దించడం కుదిరిందా అన్నదే నాకు ముఖ్యం.

అపోహ: తాడు గట్టిగా కట్టేస్తే బోటు కదలదు, సేఫ్.

ముడి వెయ్యొద్దు. నీళ్ళు దిగుతుంటే బోటు తాడుకి వేలాడుతుంది. తాడైనా తెగుతుంది, గుంజైనా ఊడుతుంది, బోటైనా పక్కకి ఒరుగుతుంది. గుంజకి ఒక చుట్టు తిప్పి కొసని చేత్తో పట్టుకుని, మట్టంతో పాటు వదులుతూనో లాగుతూనో ఉండాలి. ఆ తాడు పట్టుకున్న మనిషికి వేరే పని చెప్పకండి, ఫోన్ అసలు ఇవ్వకండి.

అపోహ: కిందకి దిగడం తేలిక, ప్రమాదమంతా పైకి ఎక్కేటప్పుడే.

వాస్తవం: బోట్లు మునిగిపోయే ప్రమాదం దిగేటప్పుడే ఎక్కువ. ఎగువ తలుపు కింద కాంక్రీటుదో రాతిదో ఒక గడప ఉంటుంది, చాంబర్ లోపలికి కొంత దూరం పొడుచుకొచ్చి ఉంటుంది. చాంబర్ నిండుగా ఉన్నప్పుడు అది నీళ్ళ కింద, కనపడదు. గోడ మీద దాని హద్దుకి తెల్ల గీత గీసి ఉంటుంది, పాత లాకుల్లో ఆ గీత చెరిగిపోయి కూడా ఉండొచ్చు. బోటు వెనక భాగం ఆ గీతకి వెనకపడిందంటే, నీళ్ళు దిగుతుంటే వెనక గడప మీద కూర్చుంటుంది, ముందు మాత్రం దిగుతూనే ఉంటుంది. ముందు నుంచి నీళ్ళెక్కి మునగడానికి నిమిషాలు చాలు.

మామూలు లాకులో ఒక మనిషి వెనక చూస్తుంటే సరిపోతుంది. షట్టర్లు నమ్మలేని లాకులో ఇంకా కష్టం, వెనక చివర తగులుకుందని కేక వేసినా దిగువ షట్టర్ దిగకపోతే ఏం చేస్తాం? అందుకే దిగువ షట్టర్లలో ఒకటి తేడాగా ఉందని తెలిస్తే దాన్ని ముట్టుకోకుండా, బాగున్న దానితోనే నెమ్మదిగా దిగండి, ఆలస్యమైతే అవనీ. తగులుకున్నట్టు అనిపించిన క్షణంలో వరస ఇది: ముందు దిగువ షట్టర్లు మూసెయ్యాలి, పూర్తిగా. తర్వాతే ఎగువ షట్టర్ కొద్దికొద్దిగా ఎత్తి చాంబర్ నింపి బోటుని లేపాలి. కంగారులో ముందు ఎగువవి ఎత్తేస్తారు కొందరు, దిగువవి తెరిచే ఉంటాయి, నీళ్ళు ఇలా వచ్చి అలా పోతాయి, పైగా ఎగువ నీళ్ళు వచ్చి బోటు మీదే పడొచ్చు. ఈ వరస బోటులో ఉన్న అందరికీ లాకులోకి వెళ్ళకముందే చెప్పాలి, పిల్లలతో సహా.

అపోహ: షట్టర్ ఎత్తే హ్యాండిల్ ఇరుసు మీద వదిలేసినా ఏం కాదు, పళ్ళచక్రాన్ని కొక్కెం పట్టుకుంటుంది కదా.

పళ్ళచక్రం అరిగిపోయిన దగ్గర కొక్కెం ఎప్పుడు జారుతుందో చెప్పలేం. జారితే షట్టర్ బరువుకి హ్యాండిల్ గిర్రున తిరుగుతుంది, ఇనుప హ్యాండిల్ అది, తగిలితే చెయ్యో మొహమో పగిలిపోతుంది, ఊడి ఎగిరినా ఎగురుతుంది. షట్టర్ ఎత్తాక కొక్కెం పంటిలో కూర్చుందో లేదో కళ్ళతో చూసి, హ్యాండిల్ తీసేసి చేతిలో పెట్టుకోండి. తిరుగుతున్న హ్యాండిల్‌ని పట్టుకోబోకండి, పక్కకి తప్పుకోండి.

అపోహ: కరెంటు లాకులకి ఈ బాధలు ఉండవు, బటన్ నొక్కడమే.

బాధ రూపం మారుతుంది. తలుపు చివరిదాకా మూసుకుందని సెన్సర్ చెప్తే గానీ కంట్రోల్ ప్యానెల్ తర్వాతి పని చెయ్యనివ్వదు, మంచికే పెట్టారు. తలుపు రెండు వేళ్ళ మందం చెత్త మీద ఆగితే సెన్సర్ దగ్గరకి చేరదు, ప్యానెల్ నిలబడిపోతుంది. జనం బటన్ మీద బటన్ నొక్కుతుంటారు. తలుపు తెరిచి, రెక్కలు కలిసే చోట చూడండి, కర్రలూ గడ్డీ తేలుతుంటే తీసేసి మళ్ళీ ఒక్కసారి మూసి చూడండి. అప్పటికీ కాకపోతే సిబ్బందిని పిలవండి. సెన్సర్‌ని కర్రతో నొక్కి మోసం చేసే తెలివి దయచేసి ఎవరూ చూపించకండి, తలుపు నిజంగా మూసుకోకుండా షట్టర్లు లేస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

అపోహ: నీళ్ళు కారుతోందంటే తలుపు కూలిపోబోతోంది.

కాదు. రెక్కలు రెండూ ఎగువ వైపుకి కోణంగా కలుస్తాయి, నీటి బరువే వాటిని ఒకదానికొకటి అదిమి పెడుతుంది. పనామా కాలవ పాత లాకుల పెద్ద తలుపులు కూడా 1914 నుంచి ఇదే పద్ధతి. కారడం కంటే, నిన్న లేని కొత్త ధార, బురద రంగు నీళ్ళు, గోడ వెనక మట్టి కుంగడం, ఇవి కనపడితే భయపడాలి, వెంటనే చెప్పాలి.

అపోహ: ఎండాకాలం లాకు టైమింగ్స్ తగ్గించడం సిబ్బంది బద్ధకం.

మన 30 మీటర్ల లాకు ఒక్కసారి పనిచేస్తే 4.5 లక్షల లీటర్లు దిగువకి పోతాయి. పనామాలో పాత లాకుల గుండా ఒక ఓడ దాటితే సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీళ్ళు సముద్రంలోకి పోతాయి, 2023లో కరువొచ్చినప్పుడు రోజుకి పంపే ఓడల సంఖ్య బాగా తగ్గించక తప్పలేదు. కారే తలుపులైతే ఎవరూ దాటకపోయినా నీళ్ళు పోతుంటాయి. మనం చెయ్యగలిగింది ఉంది: ఎదురుగా బోటు వస్తుంటే దాని కోసం ఆగండి. అది దిగిన చాంబర్‌లోకే మనం ఎక్కితే ఒకే నిండుడు ఇద్దరికీ సరిపోతుంది. పట్టినన్ని బోట్లు కలిసి దాటండి. దాటాక షట్టర్లన్నీ దింపారో లేదో చూసి మరీ కదలండి, ఒక్కటి వదిలేసినా తెల్లారేసరికి ఎగువ కాలవలో బోట్లు బురదలో కూర్చోవచ్చు.

అపోహ: తలుపు మార్చడానికి నెలలు ఎందుకు, రెండు రోజుల పని.

తలుపు కింద గడప చూడాలంటే రెండు వైపులా గోడల్లో ఉన్న గాడుల్లో అడ్డు చెక్కలు దించి, మధ్యలో నీళ్ళు తోడెయ్యాలి, చేపల్ని తీసి వేరే చోట వదలాలి, అప్పుడు కొలతలు. పాత లాకుల్లో ఏ రెండిటికీ కొలతలు సరిగ్గా కలవవు, తలుపు ఆ లాకుకనే చెయ్యాలి. ఆలస్యం మీద కోపం నాకూ ఉంది, ముందుగా చెప్పకపోవడం మీద ఇంకా ఎక్కువ కోపం, కానీ పని మాత్రం చిన్నది కాదు.

ఇరుక్కుని ఆగాల్సొస్తే ఇంజన్ ఆపెయ్యండి. లోతైన చాంబర్‌లో పొగ బయటకి పోదు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, క్యాబిన్‌లో పడుకున్నవాళ్ళకి తెలియను కూడా తెలియదు. బయట ఆగేటట్టయితే మిగులు నీళ్ళు పొర్లే మత్తడికి దూరంగా కట్టుకోండి.

సిబ్బందికి ఫోన్ చేసి "లాకు పనిచెయ్యట్లేదు" అంటే వాళ్ళు ఏ సామాను తెచ్చుకోవాలో కూడా తెలియదు. ఎగువ తలుపా దిగువ తలుపా, నీళ్ళు పోయే దిక్కుకి మొహం పెట్టి నిలబడితే కుడి రెక్కా ఎడమ రెక్కా, షట్టర్ లేవట్లేదా దిగట్లేదా, మట్టం ఎంత తక్కువలో ఆగింది, కొత్త లీకు ఉందా, ఇవి చెప్పండి, ఒక ఫోటో పంపండి. అదే సమాచారం వెనక లైనులో ఉన్న బోట్లకీ చెప్పండి, ముఖ్యంగా ఏ షట్టర్ ముట్టుకోకూడదో.