థోరో గొడ్డలి, మన చింతచెట్టు

పిల్లలకు ఆశీస్సులు.

ఎవరి మీదా ఆధారపడొద్దంటూనే మంచి స్నేహితుల్ని సంపాదించుకోమంటారేం తాతయ్యా, రెండూ ఎలా కుదురుతాయని అడిగారు. ఫోన్లో తేలే ప్రశ్న కాదని ఉత్తరం రాస్తున్నాను.

అమెరికాలో ఎమర్సన్ అనే ఆలోచనాపరుడు ఉండేవాడు. ఎవరి బుర్రతో వాళ్లే ఆలోచించుకోవాలని, లోకానికి జడిసి మనసులో మాట మింగెయ్యకూడదని 1841లో గట్టిగా రాశాడు. ఆయన కుర్ర స్నేహితుడు థోరో ఆ మాటను బతికి చూపించాడు. 1845లో వాల్డెన్ చెరువు దగ్గర తన చేతులతో గుడిసె కట్టుకుని రెండేళ్లకు పైగా ఉన్నాడు. చిక్కుళ్లు పండించాడు, చదివాడు, రాశాడు, చెరువు లోతు కొలిచాడు. అయితే ఆ స్థలం ఎమర్సన్‌ది. చెట్లు కొట్టిన గొడ్డలేమో అరువుది. తెచ్చినప్పటికంటే పదునుగా తిరిగిచ్చానని రాసుకున్నాడు. నాకు ఆ మనిషి నచ్చింది అక్కడే. సాయం తీసుకున్నాడు, బాకీ ఉంచుకోలేదు. ఆ గుడిసెలో కూర్చుని ఏం ఆలోచించాలో మాత్రం తనే తేల్చుకున్నాడు.

మన హైదరాబాద్‌లోనూ అలాంటివాళ్లుండేవారు. నిజాం కాలంలో బడుల్లో, కచేరీల్లో ఉర్దూదే పెత్తనం. తెలుగు చదువుకోవాలన్నవాడికి దిక్కు లేదు. ఎవరో వచ్చి చేస్తారని చూస్తూ కూర్చోకుండా కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకటరంగారావు ఇంకొందరు మిత్రులతో కలిసి 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే తెలుగు గ్రంథాలయం పెట్టారు. మొదట రావిచెట్టువారి ఇంట్లోనే నడిచింది. ఇప్పటికీ సుల్తాన్ బజార్‌లో ఉంది. నలుగురు కలిస్తే కబుర్లతో పొద్దుపోవడం మామూలే. వీళ్లు కలిస్తే ఊరందరికీ చదువుకునే చోటు దొరికింది. స్నేహానికి ఇంతకంటే మంచి ఉపయోగం నాకు కనబడదు.

థోరో తనంత తాను ఆలోచించుకోడానికి చెరువు దగ్గరికి వెళ్లాడు కదా. మీకు ప్రకృతి అంటే అరకు, ఊటీ. అంత దూరం అక్కర్లేదు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. 1908 సెప్టెంబరులో మూసీ ఊరిమీద పడినప్పుడు సుమారు 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద చూశాకే గండిపేట, హిమాయత్ సాగర్ చెరువులు కట్టించారు.

ఈ సెలవుల్లో మీరిద్దరూ వెళ్లి ఆ చెట్టు చూడండి. ఫోన్లు సంచిలో పెట్టి, కాసేపు మాట్లాడకుండా నిలబడండి. అట్నుంచి సుల్తాన్ బజార్ వెళ్లి, నచ్చిన పుస్తకం చెరొకటి తీసి నాలుగు పేజీలు చదవండి. దారిలో ఎంతైనా వాదించుకోండి. నాకు మాత్రం చెరో ఉత్తరం రాయాలి. ఒకరిది చూసి ఒకరు రాయొద్దు.

మీ తాతయ్య,
నల్లకుంట, హైదరాబాద్